తేలికపాటి విమానాల ఇంజన్ హోసులు: కొత్తవి ఎంచుకోవడం, తయారు చేయడం, బిగించడం

సెస్నా 172, పైపర్ చెరోకీ వంటి చిన్న విమానాల కౌలింగ్ (ఇంజన్ మీది మూత) విప్పి చూస్తే, ఇంజన్ వెనకుండే ఫైర్‌వాల్ అనే మంట అడ్డుగోడకూ ఇంజన్‌కూ మధ్య వేలు లావు గొట్టాలు కొన్ని వంపులు తిరిగి కనిపిస్తాయి. ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుని స్టార్ట్ చేసినప్పుడూ ఆపినప్పుడూ అటూ ఇటూ గట్టిగా ఊగుతుంది, ఫైర్‌వాల్ మాత్రం కదలదు. ఈ రెంటినీ ఇనుప గొట్టంతో కలిపితే అది కొంతకాలానికి అలసి పగులుతుంది. అందుకే కార్బ్యురేటర్‌కు పెట్రోలు తెచ్చే దారిలో, ఆయిల్ కూలర్‌కు వెళ్లి వచ్చే రెండు దారుల్లో, ఆయిల్ ప్రెషర్ గేజ్‌కు వెళ్లే సన్నటి దారిలో వంగే హోసులు వాడతారు. లైకమింగ్ ఓ-320 ఇంజన్ సంప్‌లో (అడుగునుండే ఆయిల్ తొట్టిలో) పట్టేది 8 క్వార్టులు, అంటే సుమారు ఏడున్నర లీటర్ల ఆయిల్. కూలర్ హోస్ పగిలితే ఆ ఆయిల్‌నంతా ఇంజన్ తన పంపుతోనే బయటికి తోసేస్తుంది. పెట్రోలు హోస్ కారితే ఆ చుక్కలు పడే చోటికి దగ్గర్లోనే ఎర్రగా కాలే ఎగ్జాస్ట్ గొట్టం ఉంటుంది. ఇంజన్ గదిలో ఇంత తక్కువ ఖరీదుకు ఇంత ఎక్కువ భారం మోసే భాగం మరొకటి లేదని నా నమ్మకం.

పని మొదలుపెట్టేముందు, దాన్ని చేసే అధికారం ఎవరికుందో తెలుసుకోవాలి. మన దేశంలో ఈ పని పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆమోదించిన మెయింటెనెన్స్ ప్రోగ్రాం ప్రకారం, పిస్టన్ విమానాలకు సంబంధించిన బీ1.2 లైసెన్సు ఉన్న ఇంజనీరు బాధ్యతలో జరగాలి. బేగంపేటలోనైనా మరెక్కడైనా శిక్షణ పొందుతున్న కుర్రవాళ్లు చేయి కలపవచ్చు గాని, విమానాన్ని సేవలోకి విడుదల చేస్తూ సంతకం పెట్టవలసింది ఆ ఇంజనీరే. అమెరికాలో సొంత విమానం నడుపుకునే మనవాళ్లకు కొంత వెసులుబాటు ఉంది. అక్కడి విమాన మరమ్మతు నిబంధనలైన పార్ట్ 43 అనుబంధంలో, పైలట్ స్వయంగా చేసుకోదగిన నివారణ పనుల జాబితాలో హైడ్రాలిక్ కానివైన హోస్ కనెక్షన్లను మార్చడం, ముందే తయారై వచ్చిన ఇంధన గొట్టాలను మార్చడం ఉన్నాయి. అయినా పైలట్ సర్టిఫికెట్ ఉండటం వేరు, ఈ పని చేతికి రావడం వేరు. మొదటిసారి చేస్తున్నవారు అనుభవమున్న మెకానిక్‌ను పక్కన పెట్టుకుని చేయడమే సరైన పద్ధతి.

ఎంపికలో ఎక్కువమంది తప్పటడుగు వేసేది మొదట్లోనే. పాత హోస్‌ను విప్పి, పట్టుకెళ్లి, ‘ఇలాంటిదే ఇంకొకటి కావాలి’ అని అడుగుతారు. ఆ పాతది సరైనదేనని ఎవరు చెప్పారు? ముప్పై నలభై ఏళ్ల వయసున్న విమానంలో ఆ హోస్‌ను ఎన్నిసార్లు మార్చారో, చివరిసారి మార్చినవారు పుస్తకం చూసి మార్చారో, షాపులో దొరికిందే తెచ్చి పెట్టారో తెలియదు. కాబట్టి మొదట తెరవవలసింది ఆ విమానపు పార్ట్స్ కేటలాగ్. మీ విమానం సీరియల్ నంబరుకు వర్తించే పేజీలో ఆ హోస్ పార్ట్ నంబరు, పొడవు, ఫిట్టింగుల రకం, ఫైర్‌స్లీవ్ (మంటను ఆపే తొడుగు) ఉందా లేదా అన్నవి చూసి రాసుకోవాలి. తర్వాత ఎయిర్‌వర్దినెస్ డైరెక్టివ్‌లు (నియంత్రణ సంస్థ ఇచ్చే తప్పనిసరి ఆదేశాలు), సర్వీస్ బులెటిన్లు (తయారీదారు ఇచ్చే సూచనలు) వెతకాలి. ఉదాహరణకు పైపర్ పీఏ-28, పీఏ-32 కుటుంబాల్లోని అనేక మోడళ్ల ఆయిల్ కూలర్ హోసుల మీద అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ 95-26-13 నంబరు డైరెక్టివ్ జారీ చేసింది. ఆ హోసులను పదేపదే తనిఖీ చేయాలని, నిర్ణీత గడువుకు మార్చాలని అది ఆదేశిస్తుంది. ఎఫ్ఏఏ హోసుల ప్రమాణమైన టీఎస్‌ఓ-సీ53ఏలోని టైప్ డీ రకం హోసులు బిగిస్తే ఆ పదేపదే తనిఖీల బాధ తప్పుతుంది. ఇది తెలియకుండా పాతదానికి నకలు బిగించినవాడు ఆ తనిఖీల బరువును కూడా మళ్లీ నెత్తికెత్తుకున్నట్టే.

కేటలాగ్ నంబరు దొరికాక కూడా, ఆ హోస్ ఆ చోట ఏమేమి తట్టుకోవాలో స్వయంగా ఆలోచించి చూడటం మంచి అలవాటు. లోపల ప్రవహించేదేమిటి, దాని వేడి ఎంత, ఒత్తిడి ఎంత, మంట సోకితే ఏమవుతుంది, ఎంత కదులుతుంది? ఒత్తిడి గురించి మాత్రం బెంగ అక్కర్లేదు, ఎందుకంటే ఈ ఇంజన్లలో ఆయిల్ ఒత్తిడి మామూలుగా చదరపు అంగుళానికి వంద పౌండ్లలోపే ఉంటుంది, చిన్న సైజు విమాన హోసులు అంతకు ఎన్నో రెట్లు తట్టుకుంటాయి. అసలు శత్రువు వేడి. లోపల రబ్బరు, నడుమ నూలు అల్లికా సన్నటి స్టీలు తీగ అల్లికా, పైన నల్లటి నూలు కప్పు ఉండే పాతకాలపు ఏరోక్విప్ కంపెనీ 303 రకం హోస్‌కు వేడి పరిమితి 250 డిగ్రీల ఫారెన్‌హీట్. స్ట్రాటోఫ్లెక్స్ కంపెనీలో దీనికి సమానమైనది 111 రకం. లైకమింగ్ ఓ-320 ఆయిల్ ఉష్ణోగ్రతకు ఎర్ర గీత 245 డిగ్రీల దగ్గర ఉంటుంది. అంటే ఆయిల్ ఎర్ర గీతను తాకినప్పుడు హోస్‌కు మిగిలే వెసులుబాటు 5 డిగ్రీలే. పైగా ఇంజన్ ఆపిన తర్వాత కౌలింగ్‌లో గాలి ఆడదు, సిలిండర్ల వేడంతా పైకి ఎగదన్ని హోసులను ఉడికిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో నలభై దాటిన ఎండలో ర్యాంప్ మీద నిలిపి, రోజంతా వెంటవెంటనే శిక్షణ ఫ్లైట్లు నడిపే విమానంలో ఈ ఉడుకు రోజుకు ఎన్నోసార్లు జరుగుతుంది. రబ్బరు గట్టిపడి పెళుసుబారేది అలాగే.

అందువల్ల ఆయిల్ దారులకు నా మొగ్గు టెఫ్లాన్ లోపొర, స్టీలు తీగల అల్లిక ఉన్న హోస్ వైపే. దాని వేడి పరిమితి 450 డిగ్రీల ఫారెన్‌హీట్ వరకు ఉంటుంది, పెట్రోలు గాని ఆయిల్ గాని దాన్ని గట్టిపరచలేవు. అయితే దానికీ రెండు షరతులున్నాయి. మొదటిది, పెట్రోలు దారిలో వాడేటప్పుడు లోపొర విద్యుత్తును ప్రసరింపజేసే రకమై ఉండాలి. ప్రవాహం వల్ల పుట్టే స్థిర విద్యుత్తు పోవడానికి దారి లేకపోతే, అది లోపొరను చీల్చుకుని బయటికి దూకి సూదిబెజ్జాలు చేస్తుంది. రెండోది, టెఫ్లాన్ హోస్‌ను ఇరుకు వంపులో మడిస్తే అది గడ్డిపోచలా ఒక్కచోట నలిగిపోతుంది, ఆ నలుగు మళ్లీ సరికాదు. పైగా కొంతకాలం ఒక వంపులో ఉండి వేడికి అలవాటుపడ్డ టెఫ్లాన్ హోస్ ఆ ఆకారాన్నే నిలుపుకుంటుంది. దాన్ని విప్పినప్పుడు చేతులతో తిన్నగా చేయకూడదు. మళ్లీ బిగించవలసినదైతే రెండు చివరలనూ తీగతో కట్టి ఆ ఆకారం చెడకుండా పక్కన పెట్టాలి.

మంట సంగతి మరింత ముఖ్యం. ఫైర్‌వాల్‌కు ముందున్న గదిలో మండే ద్రవాన్ని మోసే ప్రతి గొట్టమూ కనీసం మంటను ఓర్చుకునేదై ఉండాలి. పరీక్షలో దాని అర్థం ఏమిటంటే, 2000 డిగ్రీల ఫారెన్‌హీట్ మంటలో 5 నిమిషాలపాటు ద్రవం కారకుండా నిలవాలి. ఆ 5 నిమిషాలు పైలట్ ఇంధన వాల్వు మూసి విమానాన్ని దించుకునేందుకు దొరికే వ్యవధి. టీఎస్‌ఓ-సీ53ఏ ప్రమాణంలో టైప్ సీ, టైప్ డీ ఈ మంటను ఓర్చుకునే రకాలు, వాటిలో డీ ఎక్కువ వేడి తట్టుకునేది. ఏ, బీ రకాలకు ఆ గుణం లేదు. ఒట్టి రబ్బరు హోస్‌కు ఈ గుణం ఫైర్‌స్లీవ్ తొడిగితేనే వస్తుంది. నారింజ రంగు సిలికాన్ పూసిన గాజునూలు తొడుగే ఫైర్‌స్లీవ్. అది వేడిని కూడా కొంత ఆపుతుంది కాబట్టి పెట్రోలు హోస్‌లో ఆవిరి బుడగలు పట్టి ప్రవాహం ఆగిపోయే ప్రమాదాన్నీ తగ్గిస్తుంది.

సైజు దగ్గర కొత్తవాళ్లకు ఒక చిక్కు ఎదురవుతుంది. హోస్ మీద ఉండే 4, 6, 8 వంటి డాష్ అంకెలు అంగుళంలో పదహారో వంతులే, కాని ఈ రబ్బరు హోసుల్లో అవి హోస్ లోపలి రంధ్రాన్ని చెప్పవు. దానికి సమానమైన లోహపు గొట్టం బయటి వ్యాసాన్ని చెబుతాయి. డాష్ 6 అంటే ఆరు పదహారో వంతులు, అంటే 3/8 అంగుళం గొట్టానికి జోడీ అయిన హోస్. దాని లోపలి రంధ్రం 5/16 అంగుళమే. డాష్ 4 హోస్ లోపల 3/16, డాష్ 8 లోపల 13/32 ఉంటుంది. కాలిపర్‌తో రంధ్రం కొలిచి ఆర్డరు పెట్టినవారికి ఒక సైజు చిన్నది వస్తుంది. మరల కొలతతో సరిచూసుకోవడం తేలిక. డాష్ 4 నట్టుకు 7/16-20 మరలు (7/16 అంగుళం వ్యాసం, అంగుళానికి 20 మరలు), డాష్ 6కు 9/16-18, డాష్ 8కి 3/4-16.

ఫిట్టింగుల్లో ఒక్క తేడాను కళ్లలో వత్తులు వేసుకుని చూడాలి. విమానాల ఫిట్టింగుల్లో ఫ్లేర్ (కోనులా విచ్చుకున్న అంచు) కోణం 37 డిగ్రీలు. మోటారు వాహనాల ఫిట్టింగుల్లో తరచు కనిపించేది 45 డిగ్రీలు. కొన్ని సైజుల్లో మరలు కలుస్తాయి, నట్టు చివరిదాకా ఎక్కుతుంది, బయటినుంచి చూస్తే ఏ లోపమూ కనబడదు. లోపల మాత్రం రెండు కోనులూ సన్నటి గీతలా ఒక్క అంచు మీదే ఆనుతాయి, కొన్ని గంటల కంపనానికి అక్కడ కారడం మొదలవుతుంది. అందుకని ఆటోమొబైల్ షాపులో దొరికిన ఫిట్టింగు ఎంత అచ్చుగుద్దినట్టు ఉన్నా విమానానికి పెట్టకూడదు. అలాగే నీలిరంగు ఫిట్టింగు అల్యూమినియం, నల్లది స్టీలు. ఫైర్‌వాల్ ముందు మంటను ఓర్చుకోవలసిన హోస్‌కు చివరల్లో అల్యూమినియం పెడితే, హోస్ నిలిచినా ఫిట్టింగు కరిగిపోతుంది. అక్కడ స్టీలే పెట్టాలి.

వయసును రెండు తేదీలు నిర్ణయిస్తాయి, ఒకటి రబ్బరు తయారైన తేదీ, రెండోది బిగించిన తేదీ. హోస్ మీది గీతలోనో, లోహపు బిళ్ల మీదో తయారీ త్రైమాసికం, సంవత్సరం ముద్రించి ఉంటాయి. 2క్యూ24 అంటే 2024లో రెండో త్రైమాసికం. సెస్నా 172 మెయింటెనెన్స్ మాన్యువల్ ఇంజన్ గదిలోని రబ్బరు హోసులను 5 ఏళ్లకు గాని, ఇంజన్ ఓవర్‌హాల్‌కు గాని, ఏది ముందైతే అప్పుడు మార్చమంటుంది. టెఫ్లాన్ హోసులకు ఆ గడువు 10 ఏళ్లు. రోటాక్స్ 912 ఇంజన్లు వాడే మైక్రోలైట్ విమానాల్లో రబ్బరు భాగాలన్నిటికీ 5 ఏళ్ల గడువు ఉంది. రోటాక్స్‌కు కారు పెట్రోలు వాడేవారు ఇంకొకటి గమనించాలి. మన బంకుల్లో దొరికే పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది, కొన్ని రకాల రబ్బరు ఇథనాల్‌కు ఉబ్బి మెత్తబడుతుంది. కాబట్టి హోస్ ఆ ఇంధనానికి తగినదని తయారీదారు రాసి ఉంటేనే తీసుకోవాలి. గంటలు తక్కువ ఎగిరింది కదా అని గడువు పొడిగించుకోవడం తప్పు. రబ్బరు వాడకం వల్లనే కాదు, ఊరికే ఉండి కూడా ముసలిదవుతుంది. నెలల తరబడి హ్యాంగర్లో నిలబడ్డ విమానపు హోసుల్ని నేను ఎక్కువ అనుమానంతో చూస్తాను.

కొనేటప్పుడు హోస్‌తోపాటు దాని కాగితం కూడా కొంటున్నామని గుర్తుంచుకోవాలి. అమెరికా నుంచి వస్తే ఎఫ్ఏఏ 8130-3, యూరప్ నుంచి వస్తే ఈఏఎస్ఏ ఫారం 1, మన దేశంలోని ఆమోదిత సంస్థ నుంచి వస్తే సీఏ ఫారం 1 వంటి విడుదల పత్రం ఉండాలి. అందులోని పార్ట్ నంబరూ బిళ్ల మీది నంబరూ అక్షరం పొల్లుపోకుండా కలవాలి. కలవకపోతే హోస్ ఎంత బాగున్నా స్టోర్‌లోకి తీసుకోకూడదు.

తయారై వచ్చిన హోస్ దొరికితే అదే తీసుకోవడం మేలు. టెఫ్లాన్ హోసుల ఫిట్టింగులు చాలావరకు యంత్రంతో నొక్కి బిగించేవి కాబట్టి వాటికి వేరే దారి కూడా లేదు. 303 రకాన్ని మాత్రం తిరిగి వాడదగిన 491 ఫిట్టింగులతో వర్క్‌షాపులో తయారు చేసుకోవచ్చు. దానికి సాకెట్ (హోస్ బయట పట్టే తొడుగు), నిపుల్ (హోస్ లోపలికి వెళ్లే ముక్క), నట్టు అని మూడు భాగాలు. ఒక కంపెనీ సాకెట్‌లో మరో కంపెనీ నిపుల్ పెట్టకూడదు. స్టీలు అల్లిక ఉన్న 601 రకానికి ఫిట్టింగూ వేరు, పద్ధతీ వేరు, దీనితో కలపకూడదు.

పొడవు కొలిచేటప్పుడు పాత హోస్‌ను కొలబద్దగా తీసుకోకుండా, కేటలాగ్ కొలతతో పోల్చి, విమానం మీద దారి వెంట తాడు పెట్టి చూడాలి. ఒత్తిడి వచ్చినప్పుడు హోస్ లావెక్కి పొట్టిదవుతుంది. ఎఫ్ఏఏ వారి మార్గదర్శక పత్రం ఏసీ 43.13-1బీ ప్రకారం రెండు ఫిట్టింగుల మధ్య దూరం కన్నా హోస్ 5 నుంచి 8 శాతం పొడవుగా ఉండాలి. దీనికి ఇంజన్ ఊగుడుకు కావలసిన వదులు కూడా చేరాలి. అలాగని మరీ వదిలేస్తే వేలాడి ఎగ్జాస్ట్ వైపు జారుతుంది. మొత్తం పొడవు ఒక నిపుల్ కూర్చునే అంచు నుంచి రెండో నిపుల్ అంచు వరకు లెక్క. మూల తిరిగిన ఫిట్టింగైతే దాని మధ్యగీత వరకు. ఆ మొత్తంలోంచి రెండు ఫిట్టింగులకూ తయారీదారు ఇచ్చిన కొలతను తీసివేస్తే రబ్బరు కోయవలసిన పొడవు వస్తుంది.

కోయడానికి సన్నపళ్ల హాక్సా వాడి, కోత సరిగ్గా అడ్డంగా వచ్చేలా చూడాలి. ఏటవాలుగా వస్తే హోస్ సాకెట్ అడుగున ఒకవైపే ఆనుతుంది. కోసిన పొడిని లోపలినుంచి గాలితో ఊది, గుడ్డతో తుడిచెయ్యాలి. సాకెట్‌ను బెంచి వైస్‌లో నలగకుండా పట్టించి, హోస్‌ను అపసవ్య దిశలో తిప్పుతూ అడుగు తగిలేదాకా ఎక్కించి, తర్వాత పావు చుట్టు వెనక్కి తిప్పాలి. ఆ పావు చుట్టు ఖాళీ లేకపోతే నిపుల్ వచ్చినప్పుడు రబ్బరుకు సర్దుకునే చోటు ఉండదు. అప్పుడే సాకెట్ అంచు దగ్గర హోస్ మీద చుట్టూ గీత పెట్టాలి, నిపుల్ ఎక్కించేటప్పుడు హోస్ వెనక్కి జరిగిందీ లేనిదీ ఆ గీతే చెబుతుంది. తర్వాత నిపుల్ మరలకూ హోస్ లోపలికీ ఇంజన్ ఆయిల్ రాసి, మాండ్రెల్ (నిపుల్‌ను పట్టి తిప్పే కడ్డీ) సాయంతో నిపుల్‌ను సవ్యదిశలో ఎక్కించాలి. నట్టుకూ సాకెట్‌కూ మధ్య అంగుళంలో ముప్పైరెండో వంతుకు మించకుండా చిన్న సందు మిగలాలి. పూర్తిగా బిగించేస్తే నట్టు స్వేచ్ఛగా తిరగదు.

ఈ దశలో జరిగే ఒక పొరపాటు బయటికి కనిపించదు, కాని అన్నిటికన్నా ప్రమాదకరమైనది అదే. నిపుల్ లోపలికి వెళ్తూ తన అంచుతో రబ్బరును చీల్చితే, ఆ చీలిన పొర తలుపు రెక్కలా వేలాడుతుంది. గాలి ఊదితే పోతుంది, పెట్రోలు ఒక దిశలో పోతుంది, ఒత్తిడి మారగానే రెక్క మూసుకుని ప్రవాహాన్ని ఆపేస్తుంది. కాబట్టి రెండు ఫిట్టింగులూ ఎక్కాక హోస్‌ను వెలుతురుకెదురుగా పెట్టి రెండు చివరలనుంచీ చూడాలి. వంపు ఫిట్టింగు ఉంటే తగిన సైజు ఉక్కు గోలీని లోపల జార్చి, అది ఎక్కడా ఆగకుండా దాటుతుందో లేదో చూడాలి. ఆ తర్వాత తయారీదారు పట్టికలో ఆ సైజుకు రాసిన ప్రూఫ్ ఒత్తిడితో (హోస్ తట్టుకుని తీరవలసిన పరీక్ష ఒత్తిడితో) పరీక్షించాలి. పరీక్ష ద్రవంతోనే చేయాలి, గాలితో కాదు. ద్రవం నిండిన హోస్ పగిలితే చుక్కలు చిందుతాయి, గాలి నిండినది పగిలితే మనిషికి దెబ్బ తగులుతుంది. పరీక్ష ముగిసిన హోస్‌ను శుభ్రం చేసి ఆరబెట్టి, రెండు చివరలా మూతలు పెట్టాలి.

ఫైర్‌స్లీవ్ వేయవలసిన హోస్‌కైతే, రెండో ఫిట్టింగు పెట్టకముందే స్లీవ్‌ను తొడగాలన్న మాట చాలామందికి ఆలస్యంగా గుర్తొస్తుంది. స్లీవ్ కోసిన చివరలు పత్తిలా విచ్చుకుని ఆయిల్‌ను పీలుస్తాయి కాబట్టి వాటిని సిలికాన్ సీలెంట్‌లో ముంచి ఆరబెట్టాలి. ప్రూఫ్ పరీక్ష అయ్యాక, స్లీవ్ రెండు వైపులా సాకెట్లను కప్పేలా లాగి, స్టీలు పట్టీతో దాని పనిముట్టు సాయంతో బిగించాలి. గుర్తింపు బిళ్ల స్లీవ్ కింద దాగిపోకుండా పైన ఉండేలా చూడాలి. స్లీవ్ లోపలి హోస్ ఇక కంటికి కనబడదు. తర్వాత తనిఖీల్లో స్లీవ్ తడిగా, జిగటగా, రంగు మారి కనిపిస్తే బయటినుంచి తుడిచేసి ఊరుకోకుండా, కారుతున్నది ఈ హోసా, పైనున్న మరో చోటా అన్నది తేల్చాలి.

ఇప్పుడు విమానం దగ్గరికి. మాగ్నెటోలు (ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించే పరికరాలు), మాస్టర్ స్విచ్ ఆపి, తాళం చెవి తీసి, ఇంధన సెలెక్టర్ మూసి, బయట చేతికందే చోట మంట ఆర్పే సిలిండర్ పెట్టుకోవాలి. విమానాన్ని భూమికి అనుసంధానించాకే ఇంధనం దించాలి, పట్టే పాత్ర లోహపుదై విమానంతో కలిపి ఉండాలి. హోసుల దారి, క్లాంపులు, వంపులు అన్నీ విప్పకముందే ఫోటోలు తీసుకుంటే రేపటి వాదన తప్పుతుంది. విప్పిన ప్రతి నోటికీ వెంటనే మూత పెట్టాలి. గుడ్డ ముక్క కుక్కితే అది లోపలే ఉండిపోయి ఇంజన్ ఆగిన ఉదంతాలు ఈ వృత్తిలో కొత్త కాదు. ఆయిల్ ప్రెషర్ గేజ్ హోస్ విప్పేటప్పుడు ఇంజన్ వైపున్న ఫిట్టింగును జాగ్రత్తగా చూడండి. చాలా ఇంజన్లలో అందులో సన్నటి రంధ్రం మాత్రమే ఉంటుంది. గేజ్ హోస్ పగిలినా ఆయిల్ సన్నటి ధారగానే పోవాలని ఆ ఏర్పాటు. దాన్ని మామూలు ఫిట్టింగుతో మార్చేస్తే ఆ రక్షణ పోతుంది.

కొత్త హోస్ మీద పొడవునా ఒక గీత ఉంటుంది. బిగించాక అది తిన్నగా ఉండాలి, చుట్టు తిరిగి ఉంటే హోస్ మెలిపడ్డట్టు లెక్క. మెలిపడ్డ హోస్‌కు ఒత్తిడి వస్తే అది తన మెలిక విప్పుకోబోయి నట్టును వదులుచేస్తుంది. దీన్ని ఆపాలంటే రెండు పానాలు కావాలి, ఒకటి హోస్ ఫిట్టింగును కదలకుండా పట్టుకోవడానికి, రెండోది నట్టును తిప్పడానికి. మొదట రెండు చివరలనూ చేత్తో పూర్తిగా ఎక్కించి, దారిని సరిచూసి, ఆ తర్వాతే బిగింపు మొదలుపెట్టాలి. మీ మాన్యువల్‌లో బిగింపు బలం ఉంటే అదే పాటించాలి. లేకపోతే ఏసీ 43.13-1బీ పట్టికలో హోస్ చివరి ఫిట్టింగులకు డాష్ 4కు 70 నుంచి 120, డాష్ 6కు 100 నుంచి 250, డాష్ 8కి 210 నుంచి 420 అంగుళ-పౌండ్లు అని ఉంది. కారుతోందని అంతకు మించి బిగించడం మానుకోవాలి. సరైన బిగింపు దగ్గర కారితే కోన్ మీద గీత గాని, మురికి గాని ఉందని అర్థం, విప్పి చూడాలి. ఫ్లేర్ మరలకు సీలెంట్ ఏదీ రాయకూడదు, అక్కడ ఆపేది లోహానికి లోహం ఆనడమే. ఇంజన్‌లోకి, కూలర్‌లోకి వెళ్లే పైపు మరలకే ఆమోదిత పేస్టు రాయాలి, అదీ మొదటి మరను వదిలి. టెఫ్లాన్ టేపు వద్దు, దాని తునకలు విడిపోయి కార్బ్యురేటర్ దారుల్లో చిక్కుకుంటాయి.

హోస్‌ను కనీసం ప్రతి 24 అంగుళాలకూ ఒకచోట రబ్బరు అంచున్న యాడెల్ క్లాంపుతో పట్టించాలి, ఇంకా దగ్గరగా పట్టిస్తే మరీ మంచిది. ప్లాస్టిక్ జిప్ టై వేడికి పెళుసై తెగిపోతుంది, తెగేలోపు దాని గట్టి అంచు హోస్‌ను కోస్తుంది. ఎగ్జాస్ట్ గొట్టానికి ఎంత దూరం ఉండాలన్నది మాన్యువల్ చెబుతుంది. నేనైతే రెండు అంగుళాలకు తగ్గితే దారి మారుస్తాను, లేదా వేడిని ఆపే రేకు అడ్డం పెట్టే ఆమోదిత ఏర్పాటు చూస్తాను. విద్యుత్ తీగలు పెట్రోలు హోస్‌కు పైనే వెళ్లాలి. కారిన పెట్రోలు తీగల మీద పడకూడదు. అన్నీ అయ్యాక ఇంజన్‌ను చేతులతో పట్టి రెండు వైపులా ఊపి, ఏ హోసైనా దేనికైనా రాసుకుంటోందా, బిగుసుకుంటోందా అని చూడాలి. ఊగినప్పుడు తాకేది ఎగిరినప్పుడు అరుగుతుంది.

కౌలింగ్ పెట్టకుండానే మొదట ఇంధన సెలెక్టర్ తెరిచి, ఆగ్జిలరీ పంపు ఉన్న విమానమైతే దాన్ని నడిపి, ప్రతి చేరిక కింద పొడి తెల్ల కాగితం పట్టి చూడాలి. పెట్రోలు త్వరగా ఆవిరై కంటికి దొరకదు, కాగితం మీద మాత్రం విమాన పెట్రోలుకు (100ఎల్ఎల్) కలిపే నీలిరంగు మరక పడుతుంది. తర్వాత విమానాన్ని బయటికి తీసి, ప్రొపెల్లర్ దగ్గర ఎవరూ లేకుండా చూసి స్టార్ట్ చేయాలి. ఆయిల్ కూలర్ దారులు ఖాళీ అయి ఉంటాయి కాబట్టి గేజ్ మీద ఒత్తిడి కొంచెం ఆలస్యంగా రావచ్చు, అయినా 30 సెకన్లలో రాకపోతే వెంటనే ఆపెయ్యాలి. వచ్చాక ఆయిల్ వేడెక్కేదాకా నడిపి, ఆపి, మళ్లీ ప్రతి చేరికనూ వేలితో తడిమి చూడాలి. బిగించవలసి వస్తే ఇంజన్ ఆగి, ఒత్తిడి లేనప్పుడే బిగించాలి. దారులు నిండటం వల్ల సంప్‌లో మట్టం తగ్గుతుంది, డిప్‌స్టిక్ చూసి ఆయిల్ పోయాలి. అంతా సరిగ్గా ఉంటే నట్ల మీద నుంచి ఫిట్టింగు మీదికి రంగు గీత పెడితే, తర్వాత ఎవరు చూసినా నట్టు కదిలిందో లేదో ఒక్క చూపులో తెలుస్తుంది. మొదటి ఫ్లైట్ పొట్టిగా, రన్‌వేకు పైనే తిరుగుతూ చేసి, దిగాక కౌలింగ్ మళ్లీ విప్పాలి.

లాగ్‌బుక్‌లో పాత, కొత్త పార్ట్ నంబర్లు, రబ్బరు తయారీ త్రైమాసికం, బిగించిన తేదీ, ఆనాటి ఇంజన్ గంటలు, ప్రూఫ్ పరీక్ష వివరం, విడుదల పత్రం నంబరు, మళ్లీ మార్చవలసిన తేదీ రాయాలి. డైరెక్టివ్ వర్తించే హోస్ అయితే దాన్ని ఏ పద్ధతిలో పాటించారో కూడా రాయాలి. తీసేసిన హోస్‌ను పొడవునా కోసి లోపలి రబ్బరు చూడండి. పగుళ్లు, ఉబ్బులు, గట్టిబారిన చోట్లు ఎగ్జాస్ట్‌కు ఎదురుగా ఉన్న వైపే గుమిగూడి ఉంటే, కొత్త హోస్ దారి కూడా అదే అయితే, రేకు అడ్డం విషయం మళ్లీ ఆలోచించాలి. కోసిన ముక్కలను చెత్తలో వేసేముందు ఫిట్టింగులు, గుర్తింపు బిళ్ల తీసి పనికిరాకుండా చేయాలి, లేకపోతే ఆ బిళ్ల మరో హోస్‌కు చేరే అవకాశం ఉంటుంది.